విరిగిన వేలిని ఎవరి చేతికిస్తున్నాం?



ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ పేరు ఆహ్వానపత్రం మీద ఉంది, నా వెనక బ్యానరు మీదా ఉంది. నేను మాత్రం సార్ అనే అంటాను. ఆయన ఉన్నన్నాళ్ళూ ఇంకోలా పిలవలేదు, ఇప్పుడు కొత్తగా నోరు తిరగదు. ఆయన గొప్పతనం గురించి అధ్యక్షులవారు చెప్పారు కనుక, నేను నేరుగా ఆయన ప్రతి డిపార్ట్‌మెంటు మీటింగులోనూ పెట్టుకున్న గొడవలోకి వెళ్తాను. చేతివేలు విరిగి వచ్చిన రోగిని ఆసుపత్రిలో ఎవరు చూడాలన్నదే ఆ గొడవ.

దీనికి ఎక్కడా రాసిపెట్టిన నియమం లేదు గానీ జవాబు అందరికీ తెలుసు. తుంటి విరిగితే ప్రొఫెసరు. తొడ ఎముక అయితే అసిస్టెంటు ప్రొఫెసరు. ముంజేయి అయితే ఫైనలియర్ పీజీ విద్యార్థి. వేలు అయితే, రాత్రి పదకొండు దాటాక, మైనర్ ఓటీలో, ఆర్థోలో చేరి మూడు నెలలైనా నిండని ఫస్టియర్ కుర్రాడు. పక్కన కునికిపాట్లు పడుతూ ఒక హౌస్‌సర్జన్. ఆపరేషను మధ్యలో ఎక్స్‌రే చూపించే సీ-ఆర్మ్ పెద్ద ఓటీలో ఇరుక్కుని ఉంటే, అది లేకుండానే. లిస్టులో చివరి కేసు ఎప్పుడూ అదే. ‘చిన్న కేసే కదా, కానిచ్చెయ్’ అని ఫోనులో ఒక మాట.

ఈ వరస తలకిందులుగా ఉందని సార్ అనేవారు. నేనూ అదే అంటున్నాను. శిక్షణలో పెద్దవాళ్ళు అందరికన్నా దగ్గరగా నిలబడాల్సిన ఆపరేషను ఇదే. తొడ ఎముకలో రాడ్డు రెండు మిల్లీమీటర్లు అటో ఇటో అయినా మనిషి నడుస్తాడు. చుట్టూ దళసరి కండ ఉంటుంది, తప్పును కొంత దాచుకుంటుంది. వేలి ఎముక చుట్టూ కండ లేదు. పైనొక టెండన్, అంటే కండను ఎముకకు కలిపే తాడు, కిందొక జత టెండన్లు, ఒర లోపల కత్తిలా ఎముకను రాసుకుంటూ జారాలి. ఎముక అంచు కాస్త పైకి లేచినా, ఎముకను నిలిపే ఉక్కు వైరు వాటిని గుచ్చుకుని పోయినా, వాచిన వేలిని నెలరోజులు కదలనివ్వకపోయినా ఆ టెండన్లు అక్కడే అతుక్కుంటాయి. ఎముక అతుకుతుంది, వేలు మాత్రం ముడుచుకోదు. ఎక్స్‌రే చూసిన సర్జన్ సంతోషిస్తాడు. రోగి అన్నం కలుపుకోలేడు.

ఒక కేసు దగ్గర నిలబడి చూద్దాం. ఉంగరపు వేలి కింద అరచేతి ఎముక, అంటే మెటాకార్పల్, ఏటవాలుగా విరిగింది. ఎక్స్‌రేలో పెద్దగా కదిలినట్టు లేదు. అయితే విరిగిన చోట అయిదు డిగ్రీలు మెలితిరిగితే, పిడికిలి బిగించేటప్పటికి వేలి కొస దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు పక్క వేలి మీదికి ఎక్కుతుంది. ఈ మెలిక ఎక్స్‌రేలో కనిపించీ కనిపించనట్టు ఉంటుంది. కనిపెట్టాలంటే వేళ్ళు ముడిపించి చూడాలి. ముడిచినప్పుడు నాలుగు వేళ్ళ కొసలూ మణికట్టులో బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్ గుబ్బ కేసి తిరగాలి. గోళ్ళు నాలుగూ ఒకే వాలులో ఉండాలి. రోగి మత్తులో ఉంటే మణికట్టును వెనక్కి వంచితే చాలు, వేళ్ళు వాటంతటవే ముడుచుకుంటాయి. సార్ యూనిట్‌లో ఈ పరీక్ష చెయ్యకుండా వైరు కొస వంచిన పీజీ ఉండేవాడు కాదు. ఒకసారి వంచినవాడు రెండోసారి వంచలేదనడం ఇంకా నిజం.

ఇక వైరు. కె-వైరు అని మనం రోజుకు పదిసార్లు అనే ఆ ఉక్కు తీగకు మార్టిన్ కిర్ష్నర్ పేరు. 1909లో ఆ జర్మన్ సర్జన్ దాన్ని వాడింది ఎముకను ట్రాక్షన్‌లో లాగి పట్టడానికి. వేలికి మనం వాడేది ఒక మిల్లీమీటరు లావుది, లేదంటే 1.2. చూడ్డానికి ఇంతకన్నా సులువైన ఆపరేషను లేదు. ఎముక ఒంపు మీద పెడితే కొస జారుతుంది. జారగానే కొత్తవాడు డ్రిల్లు వేగం పెంచుతాడు. గట్టి ఎముక మీద ఊరికే తిరుగుతున్న వైరు వేడెక్కుతుంది. 47 డిగ్రీల వేడి ఒక నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుందని 1980లలో కుందేళ్ళ మీద చేసిన ప్రయోగాలు తేల్చాయి. కాలిన ఎముకలో వైరుకు పట్టుండదు. కొద్ది రోజుల్లో వదులై, చీముకు దారి ఇస్తుంది. సార్ నేర్పిన పద్ధతి ఇది: ముందు వైరును ఎముకకు నిట్టనిలువుగా ఆనించి చిన్న గాడి పడేదాకా తిప్పు. తర్వాత చెయ్యి వాల్చి నీకు కావలసిన కోణంలోకి రా. పక్కవాడు సెలైన్ చుక్కలు వేస్తూ ఉండాలి. మూడు ప్రయత్నాల్లో రాకపోతే ఆగి పైవాణ్ణి పిలువు. ఈ చివరి మాట నేర్పడానికే ఎక్కువ కాలం పడుతుంది. నాలుగోసారి గుచ్చాలన్న చెయ్యిని ఆపుకోవడం కుర్రవాళ్ళకు కష్టం, పిలిస్తే పైవాడు విసుక్కోకుండా రావడం మనకు ఇంకా కష్టం.

వైరు పెట్టాక కట్టు. ఎడిన్‌బరోలో పనిచేసిన జేమ్స్ అనే సర్జన్ దశాబ్దాల క్రితమే చేతిని ఏ భంగిమలో ఉంచి కట్టాలో తేల్చాడు. మణికట్టు కొంచెం వెనక్కి, మెటికల దగ్గర వేళ్ళు బాగా ముందుకు వంగి, ఆ పై కీళ్ళు నిటారుగా. మెటిక కీలు పక్కనుండే లిగమెంట్లు వేలు చాచినప్పుడు వదులుగా ఉంటాయి, వంచినప్పుడు సాగి ఉంటాయి. చాచి కట్టేస్తే వదులుగా ఉన్నవి అలాగే కురచబడతాయి, ఆ తర్వాత వేలు వంగనంటుంది. ఇది పీజీలందరికీ నోటికి వచ్చు. అయినా రేపు పొద్దున మీ వార్డులో రౌండ్సుకు వెళ్ళండి. చేతి కింద అట్ట పెట్టినట్టు వేళ్ళన్నీ తిన్నగా చాచిన కట్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. పరీక్షలో రాయగలిగినది రాత్రి పన్నెండింటికి చేతుల్లోకి రావాలంటే, మొదటి కట్లు కట్టేటప్పుడు ఎవరో ఒకరు పక్కన ఉండి విప్పించి మళ్ళీ కట్టించాలి.

విప్పే రోజు ఇంకో ముప్పు. వేలి ఎముక మూడు నాలుగు వారాల్లో కదల్చడానికి తగినంత గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో మాత్రం విరుపు గీత నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది. గీత పోలేదని ఆరు వారాలు, ఎనిమిది వారాలు కట్టు ఉంచే పీజీ ఎక్స్‌రేకు వైద్యం చేస్తున్నాడు. విరుపు మీద వేలితో నొక్కి చూసి, నొప్పి లేకపోతే కదిలించమని చెప్పే ధైర్యం పుస్తకంలో దొరకదు. ఆ ధైర్యం ఉన్నవాడి పక్కన కూర్చుని ఓపీ చూస్తే వస్తుంది.

వేలి నుంచి మణికట్టుకు వస్తే కథ కొంచెం మారుతుంది. ఇక్కడ మనం శ్రద్ధ తక్కువ పెట్టడం లేదు, ప్లేటు మీద మరీ ఎక్కువ పెడుతున్నాం.

మణికట్టు దగ్గర రేడియస్ విరగడాన్ని 1814లో డబ్లిన్ సర్జన్ అబ్రహాం కాలిస్ వర్ణించాడు. ఎక్స్‌రే పుట్టడానికి 80 ఏళ్ళ ముందు సంగతి. రాంట్‌గెన్ తన భార్య చేతిని ఫొటో తీసింది 1895 డిసెంబరులో. కాలిస్ రాసేదాకా చాలామంది ఈ గాయాన్ని కీలు తప్పడమనో, బెణుకనో అనుకునేవారు. కాలిస్ అలాంటి ఎముకను కోసి చూడలేదు, చేతితో తడిమి, కదిపి తేల్చాడు. లియాన్ సర్జన్ పూతో అంతకు ముందే దీని గురించి రాశాడని, 1783లో అచ్చయిందని ఫ్రెంచివాళ్ళు ఇప్పటికీ వాదిస్తారు. ఆ వాదన వాళ్ళకు వదిలేద్దాం. కాలిస్ గమనించిన ఇంకో విషయం మనకు ముఖ్యం. వంకర అలాగే మిగిలిపోయినా, కాలం గడిచాక ఆ చేతికి నొప్పి పోయి కదలిక తిరిగి వస్తుందన్నాడు.

మనవాళ్ళకు ఇది కొత్త సంగతి కాదు. పుత్తూరు కట్టు పేరు వినని తెలుగు ఇల్లు తక్కువ. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో కట్టిన చెయ్యితో ఓపీకి వచ్చిన ముసలావిడను చూసి పీజీలు నవ్వుకోవడం నేను చూశాను. వంకరగా అతుక్కున్న ఆ చేత్తోనే ఆవిడ ఇంట్లో పిండి కలుపుతోంది. బిగుతు కట్టు వల్ల రక్తం ఆడక ముంజేయి కండ చచ్చి, వేళ్ళు కొంకర్లు పోయిన పిల్లలనూ చూశాను. 1881లో ఫోల్క్‌మన్ వర్ణించిన స్థితి అది. దాన్ని ఎవరూ సమర్థించరు. అయితే వంకరకూ పనికీ మధ్య సంబంధం మనం అనుకున్నంత సూటిగా ఉండదని ఆ ముసలావిడ చెయ్యి చెబుతోంది.

2000 ప్రాంతంలో మయామీ సర్జన్ హోర్హే ఓర్బే అరచేతి వైపు నుంచి పెట్టే లాకింగ్ ప్లేటును ప్రచారంలోకి తెచ్చాక మన చికిత్సే మారిపోయింది. మంచి పరికరం. కీలు ముక్కలైన చోట, లోపలి ఉపరితలం రెండు మిల్లీమీటర్లకు మించి మెట్టులా తేడా పడిన చోట అది లేకపోతే కష్టం. కాని లాగి సర్దితే సర్దుకునే విరుపులకు కూడా అదే వేస్తున్నాం. బ్రిటన్‌లో 461 మంది మీద చేసి 2014లో ప్రచురించిన ‘డ్రాఫ్ట్’ పరిశోధనలో, లాగి సర్దగలిగిన విరుపులకు ప్లేటు వేసినా వైర్లు వేసినా ఏడాది చివర చేతి పనితనంలో తేడా తేలలేదు. 2022లో వచ్చిన రెండో విడతలో 500 మందిని తీసుకుని వైర్లను పిండికట్టుతో పోల్చారు. అక్కడా ఏడాదికి తేడా లేదు. అయితే కట్టు వేసినవారిలో 13 శాతం మందికి ఎముక జారి, మొదటి ఆరు వారాల్లోనే ఆపరేషను చెయ్యాల్సి వచ్చింది.

ఈ 13 దగ్గర ఆగాలి. ‘చూశారా, కట్టుతో పోతుంది’ అని ప్లేటు కంపెనీ కుర్రాడు చేతిలో కేటలాగుతో అంటాడు. మిగతా 87 మందికి మెటల్ తప్పిందని నేనంటాను. మన దగ్గర అసలు చిక్కు వేరే. జారిన ఎముకను పట్టుకోవాలంటే మొదటి వారం, రెండో వారం ఎక్స్‌రే తియ్యాలి. ఎనభై కిలోమీటర్ల నుంచి వచ్చే కూలీకి ఆ రెండు రోజుల కూలీ పోతుంది, తోడు వచ్చినవాడి కూలీ పోతుంది. అతను రాడు. ఆరో వారం కట్టు విప్పించుకోవడానికి వస్తాడు. కాబట్టి కట్టు చవక అన్నది బ్రిటన్ లెక్క. మన లెక్క ప్రతి రోగికీ విడిగా వేసుకోవాలి. ప్లేటు వేసే ముందు ‘ఏ ఊరు? మళ్ళీ రాగలవా?’ అని అడగడం కూడా సర్జరీ శిక్షణలో భాగమే.

పీజీలకు ఇప్పుడు ప్లేటు వచ్చు, కట్టు రావడం లేదు. పిండికట్టు వేసేది టెక్నీషియన్ అయిపోయాడు. తడి పీఓపీ గట్టిపడే నాలుగైదు నిమిషాల్లోనే విరుపుకు పైనొకచోట, కింద రెండుచోట్ల అరచేత్తో ఒత్తి పట్టాలి. వేళ్ళతో పట్టకూడదు, గుంటలు పడతాయి. కట్టు అరచేతి మడత దగ్గర ఆగిపోవాలి, బొటనవేలు విడిగా ఉండాలి, రోగి అక్కడే కూర్చుని పిడికిలి బిగించి చూపించాలి. వేళ్ళ కొసల దాకా కట్టి పంపిన మణికట్టు అతుక్కునేసరికి, విరగని వేళ్ళు బిగుసుకుపోతాయి. సార్ రిటైరయ్యేదాకా వారానికి ఒకసారి ప్లాస్టర్ రూములో తానే కట్టు కట్టేవారు. ప్రొఫెసరు చొక్కా మీద పీఓపీ మరకలేమిటని కొందరు నవ్వేవారు.

ప్లేటు మీద రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. ఎముక అరచేతి వైపు అంచు దాటి ముందుకు పెట్టిన ప్లేటు బొటనవేలిని వంచే టెండన్‌ను రాసి రాసి తెంపుతుంది. వెనక వైపు పొడుచుకొచ్చిన స్క్రూ కొస బొటనవేలిని లేపే టెండన్‌ను తెంపుతుంది. పక్క నుంచి తీసిన ఎక్స్‌రేలో ఆ స్క్రూ లోపలే ఉన్నట్టు కనిపిస్తుంది, ఎముక వెనక వైపుండే లిస్టర్ గుబ్బ దాన్ని దాచేస్తుంది. మణికట్టు బాగా వంచి సీ-ఆర్మ్‌ను ఎముక పొడుగు వెంబడి చూపించి తీస్తేనే తెలుస్తుంది. ముందు భాగంలో స్క్రూ అవతలి గోడ దాకా పోనక్కర్లేదని, ఎముక మందంలో 75 శాతం పొడవు చాలునని లాబొరేటరీ పరీక్షల్లో తేలింది. ఇవి తెలియనివాడు ప్లేటు పెట్టకూడదు.

స్కాఫాయిడ్ సంగతి ఇంకో రకం. బైకు మీంచి పడి అరచేయి ఆనించిన ఇరవై ఏళ్ళ కుర్రాడు వస్తాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదు. బొటనవేలి మొదట్లో పడే గుంటలో నొక్కితే ఉలిక్కిపడతాడు. బెణుకని చెప్పి పంపేస్తే, రక్తం ముందు వైపు నుంచి వెనక్కి పారే ఆ చిన్న ఎముకలో వెనక ముక్క ఎండిపోవచ్చు. ఏడాది తర్వాత వచ్చేది అతకని ఎముకతో. అప్పుడు తల లేని హెర్బర్ట్ స్క్రూ కావాలి, ఎముక ముక్క అతకాలి, నెలలు కావాలి. ఇక్కడ శిక్షణ ఓటీలో లేదు, ఓపీలో ఆ గుంట మీద నొక్కే బొటనవేలిలో ఉంది. రెండు వారాల తర్వాత మళ్ళీ ఎక్స్‌రేకు రమ్మని చీటీ మీద రాయడంలో ఉంది. 2020లో లాన్సెట్‌లో వచ్చిన ‘స్విఫ్ట్’ పరిశోధన, పెద్దగా జరగని స్కాఫాయిడ్ విరుపులు 439 తీసుకుని, వెంటనే స్క్రూ వేసినా కట్టు వేసి అతకనివాటికే స్క్రూ వేసినా ఏడాదికి తేడా లేదని తేల్చింది. తొందరగా కనిపెట్టిన విరుపుల మాట అది.

మరి ఎలా నేర్పాలి? 1960 డిసెంబరులో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఏఓ బృందం మొదటి కోర్సు పెట్టింది. రోగి మీద చేసే ముందు బల్ల మీద ఎముక పెట్టుకుని ప్లేటు బిగించి నేర్చుకోవడం ఆ కోర్సులతోనే ప్రపంచమంతా పాకింది. మనకు అంత ఖర్చు అక్కర్లేదు. మటన్ కొట్టు నుంచి తెచ్చిన మేక ముందుకాలు, ఒక చిన్న డ్రిల్లు, పాత వైర్లు చాలు. వైరు జారడం, గాడి పడటం, అవతలి గోడ దాటినప్పుడు చేతికి తెలిసే ఆ చిన్న కుదుపు, ఇవన్నీ మేక ఎముక నేర్పుతుంది. టొరంటోలో 1990లలో తయారైన ‘ఓశాట్స్’ పద్ధతిలో చేతి కదలికలకు, పరికరం పట్టుకునే తీరుకు, పని సాగే క్రమానికి విడివిడిగా మార్కులు వేస్తారు. అలా మార్కులు వేస్తే కుర్రవాళ్ళు తమ చెయ్యి ఎక్కడ తడబడుతోందో తామే పట్టుకుంటారు.

రెండో సాయం లిగ్నోకైన్, అడ్రినలిన్ కలిపిన ఇంజెక్షను. వేళ్ళలో అడ్రినలిన్ వాడితే వేలు నల్లబడి పోతుందని మనమంతా బట్టీపట్టి పాసయ్యాం. కెనడా సర్జన్ డొనాల్డ్ లలోండ్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన 3,110 కేసుల్లో ఒక్క వేలూ పోలేదు. టూర్నికే లేదు, పూర్తి మత్తు లేదు, రోగి మెలకువగా ఉంటాడు. రాత్రి మత్తు డాక్టరు దొరకని ఆసుపత్రికి ఇది వరం. నేర్పేవాడికి ఇంకా పెద్ద వరం. వైరు పెట్టాక ‘పిడికిలి బిగించమ్మా’ అంటే ఆమె బిగిస్తుంది. వేలు పక్కదాని మీదికి ఎక్కుతోందో లేదో పీజీ, నేను, నర్సు, ఆమె నలుగురమూ ఒకేసారి చూస్తాం. సిరిసిల్ల నుంచి వచ్చిన బీడీ కార్మికురాలయితే ఆకు చుట్టే తీరు గాల్లో చేసి చూపిస్తుంది. ఆమెకు చూపుడు వేలూ బొటనవేలూ కొసలు కలిస్తే చాలని, కలవకపోతే ఇల్లు గడవదని పీజీకి ఆ క్షణంలో తెలుస్తుంది.

ఇదంతా అయ్యాక కూడా సగం పని మిగిలే ఉంటుంది. అది ఫిజియోది. 1940ల చివర వేలూరులో పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల కొంకరపోయిన వేళ్ళకు టెండన్లు మార్చి ఆపరేషన్లు మొదలుపెట్టినప్పుడు, ఆపరేషనుకు ముందూ తర్వాతా వ్యాయామం, ఆ తర్వాత చేతిపని అభ్యాసం కలిపే నడిపారు. కొల్లి కొండల్లో పుట్టిన ఆ మనిషి సర్జన్‌కూ ఫిజియోకూ మధ్య గోడ కట్టలేదు. ముంబైలో బి.బి. జోషి బయటి నుంచి పట్టే జెస్ ఫ్రేములు రూపొందించిందీ, చెన్నై స్టాన్లీలో ఆర్. వెంకటస్వామి చేతికోసం ప్రత్యేక విభాగం నిలబెట్టిందీ మన పక్కనే. మన పీజీలు మాత్రం వార్డు పక్కనే ఉన్న ఫిజియో గదిలోకి మూడేళ్ళలో ఒక్కసారైనా అడుగుపెట్టకుండా బయటికి వెళ్తున్నారు.

అందుకే ఒక ప్రతిపాదనతో ముగిస్తాను. మన లాగ్‌బుక్‌లో ఎన్ని ఆపరేషన్లు చేశారో ఉంటుంది, ప్రొఫెసరు సంతకం ఉంటుంది. చేసిన వేలు చివరికి ఎంత ముడుచుకుందో రాసే గడి లేదు. చెయ్యి, మణికట్టు విరుపు కేసులకు ఆ గడి పెడదాం. ఆరో వారం ప్రతి కీలూ ఎన్ని డిగ్రీలు వంగుతోందో పీజీ స్వయంగా గోనియోమీటరు పెట్టి కొలవాలి, పక్కన సంతకం ఫిజియో పెట్టాలి, ప్రొఫెసరు కాదు. రోగి రాకపోతే గడి ఖాళీగా ఉంటుంది. అప్పుడు పీజీ ఫోను చెయ్యాలి, వీడియో కాల్‌లో పిడికిలి బిగించమనాలి. ఖాళీ గడులు సగానికి మించితే ఆ నెల రాత్రి డ్యూటీలో వేలి కేసుకు అసిస్టెంటు ప్రొఫెసరే రావాలి. ఈ చివరి షరతు మీద గట్టిగా పేచీ వస్తుందని నాకు తెలుసు. నమూనా కాగితాలు బయట రిజిస్ట్రేషన్ టేబుల్ మీద పెట్టించాను. విభాగాధిపతులు తలా ఒకటి తీసుకెళ్ళండి. అభ్యంతరాలుంటే భోజనాల దగ్గర చెప్పండి, సార్ కూడా భోజనాల దగ్గరే కొట్లాడేవారు.